మిద్దె మీద సౌరకాగు

చాలా రోజుల తరువాత వ్రాస్తున్నాను. ఈసారి వ్యాకరణం జోలికి గాని, ప్రబంధాల జోలికి గాని పోవటం లేదు. వేడినీళ్ళను గురించి వ్రాస్తాను. నవ్వుకోకండి. వేడినీళ్ళకూ ఒక చరిత్ర ఉన్నది. బంజారా హిల్స్‌లోని ఒక పాత ఇంటి మిద్దె మీద నా మాట విని చేసిన పనివల్ల ఆ చరిత్రను నేను తవ్వుకోవలసి వచ్చింది.

'కాగు' అన్న మాట మన భాషలో క్రియా అవుతుంది, నామవాచకమూ అవుతుంది. నీళ్ళు కాగుతాయి, ఆ నీళ్ళు కాగే పెద్దకుండ పేరూ కాగే. కర్నూలు జిల్లాలోని మా ఇంటి పెరట్లో, మూడు రాళ్ళ పొయ్యి మీద, మసిపట్టి అసలు రంగేమిటో తెలియని మట్టికాగు ఒకటి ఉండేది. కందికట్టె మంటకు తెల్లవారేసరికి నీళ్ళు సలసల కాగేవి. అయితే పసిపిల్లలకు ఆ నీళ్ళు పోసేవారు కారు. మా జేజి ఇత్తడి గంగాళంలో నీళ్ళు పోసి, ప్రొద్దున్నే వాకిట్లో ఎండపొడకు పెట్టేది. మధ్యాహ్నానికి అవి గోరువెచ్చనయ్యేవి. వాటిని 'ఎండనీళ్ళు' అనేవారు. పొగవాసన ఉండదు, చెయ్యి కాలదు. మా జేజికి చదువు రాదు. కాని సూర్యుడిచేత నీళ్ళు కాచించుకోవటం ఆమెకు వచ్చు.

ఉద్యోగరీత్యా హైదరాబాదు వచ్చి, అమీర్‌పేట ప్రాంతంలో సుమారు ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పాను. నా దగ్గర పదవ తరగతి చదివిన ఒక అమ్మాయి మెట్టినిల్లు బంజారా హిల్స్‌లో, ఒకటవ నంబరు రోడ్డు నుండి లోపలికి చీలిన ఒక సందులో ఉన్నది. ఇంటి ముందు మెట్టు ప్రక్కన చెక్కిన రాతిమీద 1351 ఫస్లీ అని ఉంటుంది. నిజాం ప్రభుత్వపు లెక్కలకు ఫస్లీ సంవత్సరమే ప్రమాణం. దానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. అంటే 1941-42 ప్రాంతపు కట్టడం. ఒక జాగీర్దారు కుటుంబం కట్టుకొన్నది, జాగీర్లు పోయాక ఈ అమ్మాయి మామగారి తండ్రి కొన్నారు. ఎత్తయిన గోడలు, టేకు దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద సన్నని ఇటుకలు పేర్చి, పైన సున్నపు గచ్చు వేసిన చదునైన మిద్దె. పెరటి గోడలో ఒక పెద్ద బండరాయి సగం లోపలికీ సగం బయటికీ ఉంటుంది. దానిని పగలగొట్టకుండా, గోడనే దానిమీదికి ఎక్కించి కట్టారు.

ఈ బండరాతి సంగతి కాస్త చెప్పాలి. ఇప్పుడు అద్దాల అంగళ్ళతో మెరిసే ఈ గుట్టలు ఒకప్పుడు లంబాడీల తండాలు. బంజారా అన్న పేరు వారిదే. కొండరాళ్ళు, సీతాఫలపు పొదలు తప్ప మరేమీ లేని చోట ఇల్లు కట్టుకోవాలని మొట్టమొదట సాహసించిన పెద్దమనిషి నవాబు మెహదీ నవాజ్ జంగ్. (తరువాత 1960లో గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నరు అయినవారు ఆయనే, రెడ్ హిల్స్‌లోని క్యాన్సరు ఆసుపత్రి ఆయన పేరనే వెలిసింది.) ఆయన తన ఇంటికి బంజారా భవన్ అని పేరు పెట్టుకొన్నారు. రాళ్ళను తొలగించకుండా రాళ్ళనే గోడలుగా, మూలలుగా వాడుకొని ఆ ఇల్లు కట్టించారు. 1933లో హైదరాబాదు వచ్చినప్పుడు రవీంద్రనాథ ఠాగూరు అక్కడే ఆయన ఆతిథ్యం పొందారు. ఆ తరువాత నవాబులూ ఉన్నతోద్యోగులూ ఒక్కరొక్కరే ఈ గుట్టలెక్కారు. పెరటి గోడలో బండరాయిని ఉండనివ్వటం ఆనాటి ఆ మర్యాదకు కొనసాగింపే అనుకొంటాను.

ఊరు గుట్టలెక్కటానికి మరొక కారణం 1908. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి చేసిన సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపటానికి కట్టిన చెరువులే ఊరికి మంచినీళ్ళు ఇచ్చాయి. నదికి దూరంగా, ఎత్తుగా, గాలి ధారాళంగా ఉండే చోటు కావాలని కలవారు కోరుకొన్నారు. కాని ఎత్తున ఉన్న ఇంటికి నీళ్ళు చేరటం కష్టం. చేరిన నీళ్ళు చలికాలంలో మంచులా ఉండటం ఖాయం. అందుకని ప్రతి ఇంటి వెనుకా ఒక హమామ్ ఉండేది.

హమామ్ అరబ్బీ మాట, వేడి అనే అర్థంగల ధాతువు నుండి పుట్టినది. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఆనాటి హమామ్ ఒకటి ఇప్పటికీ చూడవచ్చు. అందులో వేడినీళ్ళకూ చన్నీళ్ళకూ గోడల్లో మట్టిగొట్టాలు అమర్చారు. మన ఇళ్ళలో మాత్రం హమామ్ అంటే స్నానాలగది కాదు. నడుమ పొగగొట్టం, చుట్టూ నీళ్ళు, క్రింద నిప్పులగూడు ఉండే రాగి బాయిలరు. అర్థం కుంచించుకుపోవటాన్ని మా పండిత శిక్షణలో 'అర్థసంకోచం' అని చదివాం. సుల్తానుల స్నానశాల పేరు మన పెరటి రాగిపాత్రకు దిగటం కన్న మంచి ఉదాహరణ అప్పట్లో నాకు తోచలేదు.

ఈ ఇంటి హమామ్ కొన్నప్పుడే ఇంటితో పాటు వచ్చినది. పెద్దాయన, అంటే నా శిష్యురాలి మామగారు, ఎనభై దాటినవారు. ప్రతి ఉదయం తానే చితుకులు వేసి దానిని ముట్టించి, బకెట్టుతో నీళ్ళు తెచ్చుకొనేవారు. 2021 చలికాలంలో ఒకనాడు పెరటి మెట్ల మీద జారి, వేడినీళ్ళ బకెట్టుతో సహా పడ్డారు. తుంటి ఎముక విరగలేదు గాని, కాలు కాలింది. వేరే దేశాల్లో ఉన్న కొడుకులు ఫోను మీద ఫోను. ఇల్లు బిల్డరుకు ఇచ్చేద్దాం, ఐదంతస్తులు లేస్తాయి, అందులో రెండు ఫ్లాట్లు మనకు, స్నానాలగదిలో గీజరు, కష్టమేమిటి అని.

పాత ఇంట్లో గీజరు ఎందుకు పెట్టకూడదని మీకు అనిపించవచ్చు. పెట్టి చూశారు. గుడ్డ చుట్టిన పాతకాలపు తీగెలు ఆ భారాన్ని మోయలేకపోయాయి. ఒకసారి గోడలో పొగ వచ్చింది. తీగెలన్నీ మార్చాలంటే గోడలన్నీ గాడి కొట్టాలి. సున్నపు గోడను గాడి కొడితే అరచేతి వెడల్పున పెళ్ళలు ఊడివస్తాయి. "సార్, మామయ్యకు ఈ ఇల్లు వదిలిపెట్టుడు ఇష్టం లేదు. మీరేమన్న ఉపాయం చెప్పండి" అని ఆ అమ్మాయి అడిగింది. ఎనభై ఏళ్ళ ఇంటి ఆయుష్షు ఒక బకెట్టు వేడినీళ్ళ మీద ఆధారపడిందన్న మాట.

చట్టం కాపాడదా అని మరొక ప్రశ్న. ఇక్కడికి కూతవేటు దూరంలో పంజగుట్ట దగ్గర ఎర్రమంజిల్ ఉంది. నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన భవనం. ఆ గుట్ట మట్టి ఎరుపు కనుక జనం ఎర్రగుట్ట అనేవారని, పారసీకంలో స్వర్గోద్యానమనే అర్థంగల 'ఇరమ్' శబ్దం దానికి దగ్గరగా ఉన్నదని నవాబు 'ఇరమ్ మంజిల్' అని పేరు పెట్టాడని చెప్పుకొంటారు. తెలుగువాడికి ఎర్రగాను, తురకం వచ్చినవాడికి స్వర్గంగాను వినిపించే ఇటువంటి శ్లేష మన శ్లేషకవులకు సైతం ఈర్ష్య కలిగిస్తుంది! అటువంటి భవనాల కోసం 1981 నాటి జోనింగ్ నిబంధనలకు 1995లో 13వ నిబంధన చేర్చారు. దాని ప్రకారం జాబితాకెక్కిన భవనానికి రంగు వేయాలన్నా అనుమతి కావాలి. 2015లో ఆ నిబంధనను రద్దు చేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్‌ను కూల్చి ఆ స్థలంలో శాసనసభ కట్టాలని మంత్రివర్గం నిర్ణయించినప్పుడు జనం న్యాయస్థానానికి వెళ్ళారు. ఆ ఏడాది సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఎర్రమంజిల్ నిలిచింది. కాని మా శిష్యురాలి ఇల్లు ఏ జాబితాలోనూ లేదు. ఇటువంటి ఇళ్ళు ఈ గుట్టల మీద ఎన్నో ఉండేవి. వాటికోసం ఎవరూ న్యాయస్థానానికి వెళ్ళలేదు. ఒక్కొక్కటే మాయమై ఆ స్థలంలో అంతస్తులు లేచాయి.

నాకు మా జేజి గంగాళం గుర్తుకు వచ్చింది. "మిద్దె మీద సూర్యుడి కాగు పెట్టించండి" అన్నాను. 'సోలార్ వాటర్ హీటర్'కు సౌరజలతాపకం వంటి మాట పుట్టించటం నాకు చేతకాక కాదు గాని, మన ఇంట్లో ఉన్న మాట ఉండగా సంస్కృతం ఎందుకు? సౌరకాగు అందాం. మీలో ఎవరికైనా ఇంతకన్న మంచి మాట తోస్తే వ్యాఖ్యగా వ్రాయండి.

ఎండను పట్టి వేడిగా మార్చటంలో కిటుకంతా గాజుది. గాజు ఎండను లోనికి రానిస్తుంది, లోపలి వేడిని బయటికి పోనివ్వదు. 1767లో జెనీవా నగరపు శాస్త్రవేత్త హొరేస్ ద సొస్యూర్ గాజు పెట్టెలను ఒకదానిలో ఒకటి అమర్చి ఈ సంగతిని పరీక్షించాడు. తరువాత చేసిన పెట్టెలో నీళ్ళు మరిగే వేడిని మించి సాధించాడు. మన దేశంలో ఈ పనికి పూనుకొన్నవాడు ఒక కోర్టు ఉద్యోగి కావటం విశేషం. బొంబాయి హైకోర్టులో డిప్యూటీ రిజిస్ట్రారుగా ఉన్న విలియం ఆడమ్స్, చిన్నచిన్న అద్దాలను అర్ధవృత్తంగా నిలిపి, ఎండను ఒక బాయిలరు మీదికి మళ్ళించి, ఆవిరియంత్రాన్ని నడిపాడు. ఉష్ణదేశాలలో కట్టెలకు, బొగ్గుకు బదులు ఎండ చాలునని వాదిస్తూ 1878లో ఒక పుస్తకం కూడ వ్రాశాడు. దేశానికి బొగ్గురైళ్ళు వచ్చి ఆ పుస్తకాన్ని మరుగుపరచాయి.

ఇక స్నానాల నీళ్ళ సంగతి. 1891లో అమెరికాలోని బాల్టిమోర్ వాసి క్లారెన్స్ కెంప్, నల్లరంగు పూసిన నీళ్ళతొట్లను గాజుమూత గల పెట్టెలో పెట్టి అమ్మకానికి తెచ్చాడు. మనకు ఇది క్రొత్తేమీ కాదు. హైదరాబాదులో ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం కుళాయి తిప్పి చెయ్యి కాల్చుకోనివారెవరు? మన మిద్దెల మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకులన్నీ తెలియక పెట్టుకొన్న కెంపుగారి తొట్లే. చిక్కేమిటంటే, అవి వేడినీళ్ళు అక్కరలేని నాడు వేడినీళ్ళిస్తాయి, కావలసిన పుష్యమాసపు తెల్లవారుజామున చన్నీళ్ళిస్తాయి. రాత్రంతా వేడి పోతుంది కదా! ఆ లోటు తీర్చినవాడు కాలిఫోర్నియాలో విలియం బెయిలీ. 1909లో అతడు ఎండకు కాగే గొట్టాలను వేరుచేసి, నీళ్ళు నిలిచే తొట్టిని పైన పెట్టి, దానికి వేడి పోకుండా దళసరి కప్పు తొడిగాడు. క్రింద కాగిన నీరు తేలికై తనంతట తానే పైకెక్కుతుంది, పైని చల్లని నీరు బరువై క్రిందికి దిగుతుంది. యంత్రం లేదు, విద్యుత్తు లేదు. నేటికీ మన మిద్దెల మీద పెట్టేది బెయిలీ పద్ధతే. ఆ తరువాత కాలిఫోర్నియాలో చౌకగా సహజవాయువు దొరికి ఆ వ్యాపారం పడిపోయింది. ఇజ్రాయెల్ మాత్రం 1980లో క్రొత్త ఇళ్ళకు దీనిని తప్పనిసరి చేసింది. మన తెలుగునాట చెప్పుకోదగినది తిరుమల. 2002లో అక్కడ నిత్యాన్నదానం వంటశాల మిద్దె మీద 106 పెద్ద దర్పణాలను అమర్చి, ఎండతో పుట్టించిన ఆవిరిమీద రోజుకు సుమారు 15,000 మందికి వంట చేసే ఏర్పాటు చేశారు.

2010లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌరపథకం, 2022 నాటికి దేశంలో 2 కోట్ల చదరపు మీటర్ల మేర ఎండకాగులు ఉండాలని లక్ష్యం పెట్టుకొన్నది. చదరపు మీటర్ల లెక్క బాగానే ఉంది. ఆ చదరపు మీటర్లు ఏ మిద్దె మీద, ఆ మిద్దె దేనితో కట్టినది, అన్న ప్రశ్న అందులో లేదు. నేనూ ఆ ప్రశ్న వేసుకోలేదు. నా తప్పు అక్కడే.

లెక్క మాత్రం వేశాను. 200 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు తేవాలంటే సుమారు 8 యూనిట్ల విద్యుత్తు కావాలి. అంత వేడిని ఎండ ఉచితంగా ఇస్తుందని పెద్దాయనకు కాగితం మీద చూపించాను. ఆయనకు ఖర్చు విషయంలో పేచీ లేదు. "దక్షిణం దిక్కు పెట్టాలంటున్నరు గద పంతులుగారూ, మా ఇంటి ముఖమే దక్షిణం. ముఖం మీద పుండు లెక్క కనపడదా?" అన్నారు. న్యాయమైన మాట. ఈ కాగుకు మరొక ఇబ్బంది ఉన్నది. వేడినీళ్ళ తొట్టి కన్న చన్నీళ్ళ తొట్టి ఎత్తున ఉండాలి. లేకపోతే నీళ్ళు ఎక్కవు. అంటే మిద్దె మీద ఆరేడడుగుల గోపురం లేస్తుంది. పిట్టగోడకు ఎనిమిదడుగులు వెనక్కి జరిపితే సందులోనుండి కనబడదని ఒప్పించాను. వెనక్కి జరపటం ఎండకూ మంచిదే. శీతకాలంలో సూర్యుడు దక్షిణాన వాలి నడుస్తాడు, పిట్టగోడ నీడ పలకల మీద పడకూడదు.

2022 ఫాల్గుణంలో ఒక సంస్థవారు వచ్చి పలకలు బిగించారు. నేను క్రిందనే కూర్చొని పెద్దాయనతో నిజాం కాలపు కబుర్లు చెప్పుకొంటున్నాను. పైన బర్రుమని చప్పుడు. వారు గచ్చులోకి మరతో పన్నెండు రంధ్రాలు చేసి, ఇనుప బోల్టులు దిగగొట్టి, చుట్టూ సిమెంటు పూసి వెళ్ళారు. సాయంత్రానికి వేడినీళ్ళు వచ్చాయి. పెద్దాయన స్నానం చేసి, విభూతి పెట్టుకొని వచ్చి, నా చేతులు పట్టుకొన్నారు. ఆ రోజున నాకు కలిగిన గర్వాన్ని తలచుకొంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

2022 జూలై వానలు హైదరాబాదువారు మరచిపోయేవి కావు. రెండవ వారంలో ఆ అమ్మాయి ఫోను: "సార్, నడిమింటి కప్పు మీద మరక పడ్డది." వెళ్ళి చూశాను. పళ్ళెమంత మరక, నడుమ నుండి బొట్టు బొట్టుగా నీరు. ఎనభై ఏళ్ళలో ఆ ఇల్లు ఒక్కసారీ కారలేదట. సంస్థవారిని పిలిస్తే మరింత సిమెంటు పూశారు. మరుసటి వానకు మరక చాటంత అయింది. దూలం చివర తడిసి నల్లబడింది. టేకు కనుక వెంటనే పుచ్చదని తెలిసినా, ఆ నలుపు చూసినప్పుడు పెద్దాయన ముఖం నేను చూడలేకపోయాను. ఆయన ఒక్క మాట అనలేదు. కొడుకులు మళ్ళీ బిల్డరు మాట ఎత్తారు.

అప్పుడు గచ్చును గురించి చదవటం మొదలుపెట్టాను. చదవటం కన్న పాతబస్తీలో సున్నపుపని చేసే ఒక ముసలి మేస్త్రీ దగ్గర విన్నది ఎక్కువ. (మేస్త్రీ అన్న మాట పోర్చుగీసువారిది, గచ్చు పారసీకులది, సున్నం మన 'చూర్ణం' వికృతి. ఒక్క మిద్దెలో ఎన్ని దేశాలు!) ఆయన పాలమూరు మనిషి. నిచ్చెనెక్కి, బోల్టులను చూసి, నేలమీద కూర్చుండిపోయి, "గిదెవ్వరు చెప్పిన్రు సారూ మీకు?" అన్నాడు. నేనే అని చెప్పాను.

సున్నపు మిద్దె ఎలా కడతారో ఆయన చెప్పినది వ్రాస్తున్నాను. దంతెల మీద సన్నని ఇటుకలను ఐమూలగా, నిలువుగా, సున్నంతో పేరుస్తారు. దాని మీద ఇటుకముక్కల జల్లిని, డంగులో గానుగ ఆడించిన సున్నంతో కలిపి జానెడు మందాన పరుస్తారు. ఆపైన అసలు పని. ఆడవాళ్ళు వరుసగా కూర్చొని, చెక్కబడితెలతో రోజుల తరబడి కొట్టాలి. కొడుతూ కరక్కాయ నానిన నీళ్ళూ బెల్లం నీళ్ళూ చల్లాలి. చేతిలోని చెక్క టంగుమని ఎగిరిపడేదాకా కొట్టాలి. మెత్తగా దిగితే పని కానట్టు. కరక్కాయలోని వగరు, బెల్లపు జిగి సున్నాన్ని పట్టి ఉంచుతాయి. ఆ తరువాత సున్నం ఏళ్ళ తరబడి గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొంటూ మెల్లగా మళ్ళీ సున్నపురాయి అవుతుంది. కొలిమిలో కాల్చి పోగొట్టిన దానినే గాలి తిరిగి ఇస్తుంది. 1591లో కట్టిన చార్మినారు మీది గచ్చుపని నిలిచి ఉన్నదంటే ఈ గుణం వల్లనే.

సున్నం ఎండకు కొద్దిగా సాగుతుంది, చలికి కొద్దిగా ముడుచుకొంటుంది. తడిని పీల్చి తిరిగి వదలుతుంది. సన్నని పగుళ్ళు వస్తే వాననీటికి కొంత సున్నం కరిగి తానే పూడ్చుకొంటుంది. సిమెంటు అలా కాదు. అది బిగుసుకొని కూర్చుంటుంది. సున్నంలో సిమెంటు అతుకు వేస్తే, రెండిటి మధ్య వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. నీరు దాని వెంట దిగుతుంది, దిగిన తడిని పైకి ఆరనివ్వకుండా సిమెంటు మూతవేస్తుంది. మా ఊరి చవుడు మిద్దెలు నాకు గుర్తుకు వచ్చాయి. ఏటా వానలకు ముందు చవుడు మన్ను పరచి చదును చేసేవాళ్ళం. మిద్దె మీద కర్ర పాతినా మా నాయన ఊరుకొనేవాడు కాడు. ఎక్కడైనా ఒక్క రంధ్రం పడితే ఇల్లంతా కురుస్తుందని ఐదేళ్ళ పిల్లవాడికే తెలుసు. అరవై ఏళ్ళు దాటిన పంతులుకు గుర్తు లేకపోయింది.

ఈ మిద్దె మీద అంతకు ముందు ఏమేమి నిలిచాయో పెద్దాయనను అడిగాను. మొదట్లో ఏమీ లేదు. వేసవి సాయంకాలాలు నీళ్ళు చల్లి, నవారు మంచాలు వేసుకొని పడుకొనేవారు. హైదరాబాదులో 1977 అక్టోబరులో దూరదర్శన్ మొదలయ్యాక యాంటెనా వచ్చింది. దానిని పిట్టగోడకు కట్టారు. ఆపైన డిష్షు, దానిని ఇసుకబస్తాల మీద నిలిపారు. నల్ల ట్యాంకును మెట్లగది గోడల మీద పెట్టారు. ఏ కాలపు వస్తువు వచ్చినా గచ్చుకు మాత్రం ఎవరూ రంధ్రం పెట్టలేదు. ఎవరు చెప్పారు అని అడిగితే, "మా నాయిన. ఆయనకు ఇల్లమ్మిన నవాబుసాబ్" అన్నారు. "మరి నాకు చెప్పలేదేమండీ?" "మీరు పంతులుగారు గద, మీకు తెలిసే ఉంటదనుకున్న."

వానలు వెనుకబట్టాక, కార్తికంలో పని మొదలైంది. మేస్త్రీ, అతని కూతురు, మరి ఇద్దరు ఆడవాళ్ళు. బోల్టులు పీకి, సిమెంటును ఉలితో కొద్దికొద్దిగా చెక్కి తీశారు. చెడిన గచ్చును పలకలు పలకలుగా విప్పారు. పెరట్లో గుంట తవ్వి, సున్నాన్ని నెల రోజులు నాననిచ్చారు. కరక్కాయలను నేనే బేగంబజారు నుండి తెచ్చాను. తొమ్మిది రోజులు చెక్కలతో కొట్టారు. ఆ చప్పుడుకు ప్రక్కింటివారు వచ్చి ఏమిటిదని అడిగారు. ఆ సందులో అటువంటి చప్పుడు వినపడి ఎన్ని దశాబ్దాలయిందో!

బరువు సంగతి కూడ మేస్త్రీయే తేల్చాడు. 200 లీటర్ల నీరంటే 200 కిలోలు, పలకలూ తొట్టీ ఇనుమూ కలిపి ఇంకా ఎక్కువ. అది దంతెల నడుమ పడకూడదు. క్రింద గోడ ఎక్కడ ఉన్నదో పైన అక్కడ సున్నంతో ఇటుక దిమ్మెలు కట్టాడు. ఒక గోడ మీది దిమ్మె నుండి ఎదురుగోడ మీది దిమ్మెకు రెండు ఇనుప దూలాలు వేయించాడు. కాగు ఆ దూలాల మీద కూర్చున్నది. గచ్చుకూ కాగుకూ నడుమ జానెడు ఖాళీ. వాననీరు, చీపురు రెండూ దూరతాయి. గొట్టాలను మిద్దెలో నుండి కాక పిట్టగోడ మీదుగా వెనుకకు దించారు. పలకలను నిటారుకు దగ్గరగా, సుమారు ముప్ఫై డిగ్రీలు వాల్చారని వ్రాయబోయి దిద్దుకొంటున్నాను. ముప్ఫై డిగ్రీలంటే నేలకు దగ్గరే. మన అక్షాంశం పదిహేడు. దానికి పన్నెండో పదమూడో కలిపితే దక్షిణాయనపు ఎండ బాగా పడుతుంది. మే రెండవ వారం నుండి ఆగస్టు మొదటి వారం దాకా హైదరాబాదులో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు కనుక అప్పుడు పలకలకు ఎండ తగ్గుతుంది. ఆ రోజుల్లో వేడినీళ్ళు ఎవరికి కావాలి?

బోరునీళ్ళతో మరొక చిక్కు వచ్చింది. ఈ రాతిగుట్టల నీటిలో లవణాలు ఎక్కువ. రాగి గొట్టాలలో తెల్లని పెళ్ళ కడుతుంది. అందుకని కాగుకు మంజీరా కుళాయినీళ్ళు మాత్రమే పోయే ఏర్పాటు చేశారు. ఆ పెళ్ళా సున్నపుదే. మిద్దె మీద కావలసిన సున్నం గొట్టంలో పనికిరాదు.

ధనుర్మాసంలో తిరిగి వేడినీళ్ళు వచ్చాయి. ఖర్చు మొదట అనుకొన్నదానికి మూడింతలు దాటింది. అందులో కొంత నేను ఇస్తానంటే పెద్దాయన ఒప్పుకోలేదు. కరక్కాయల డబ్బులు మాత్రం తీసుకోవద్దని బ్రతిమాలాను. కొడుకులు ఆ సంక్రాంతికి వచ్చి, మిద్దెనెక్కి చూసి, చప్పుడు చేయకుండా దిగివచ్చారు. బిల్డరు మాట ఎత్తారో లేదో నాకు తెలియదు. ఇల్లు ఇప్పటికీ ఉన్నది.

మేస్త్రీ పెరటి గుంటలో సున్నం కొంత మిగిల్చి, పైన తడి గోనె కప్పి వెళ్ళాడు. ఎండనివ్వకుండా చూసుకొంటే ఎన్నేళ్ళయినా పాడుకాదట. ఏటా మృగశిర కార్తెకు ముందు మిద్దెనెక్కి పగుళ్ళు చూసుకొని, అందులోనుండి తీసి పూసుకోమన్నాడు. ఆ గోనెను తడుపుతున్నది పెద్దాయనే.

మొన్న రాత్రి పెద్దవాన. తెల్లవారగానే ఆగలేక ఫోను చేశాను. "కప్పు చూశావా అమ్మా?" అన్నాను.

"చూసిన సార్, పొడిగనే ఉన్నది. కాని మూడు రోజులసంది మబ్బు గద, నీళ్ళు చల్లగున్నయి. మామయ్య హమామ్ ముట్టిచ్చుకుంటున్నడు."